నట్టుకు కొసరు

సీసాకు మూత పెట్టేది మళ్ళీ తీయడానికేనన్న సంగతి కొసరు బాబాయికి చిన్నప్పుడెవరూ చెప్పినట్టు లేదు. ఆయన లెక్కలో మూత ఉన్నది బిగించడానికే. జామ్ సీసా, నీళ్ళ సీసా, వంటింటి కొళాయి, ఏదైనా సరే, ఆయన చెయ్యి ఒకసారి పడిందంటే ఇక అంతే సంగతులు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు దాహమేసినా నీళ్ళ సీసా జోలికి వెళ్ళరు. మొహమాటం అనుకునేరు, మొహమాటం కాదు పాడూ కాదు. ఒకసారి ప్రయత్నించి మణికట్టు బెణికించుకున్నవాళ్ళే అందరూ.

మరి ఆ చేతులు అలాంటివి. ఏళ్ళ తరబడి పిండి పిసికీ పిసికీ ఉక్కుముక్కలైపోయాయి. వీధి మొగలో బేకరీ ఆయనది. డజను బన్నులు అడిగిన వాళ్ళకు పదమూడోది చేతిలో పెట్టందే పంపడు. బిస్కట్లు తూచి, తక్కెడ సమానంగా నిలిచాక, ఇంకో గుప్పెడు వేస్తాడు. "తూకం సరిపోయాక చెయ్యి వెనక్కి తీసుకునేవాడు వ్యాపారి. ఆ తరవాత ఇంకో గుప్పెడు వేసేవాడు మనిషి," అని వాళ్ళ నాన్న చెప్పేవాడట. కొడుకు ఆ మాటను పట్టుకుని బన్నులకూ, బిస్కట్లకూ, మూతలకూ, కొళాయిలకూ సమానంగా అమలుచేశాడు. అందుకే వీధంతా ఆయనకు పెట్టిన పేరు కొసరు బాబాయి.

బాబాయి భార్య పిన్నే కదా. ఆమె ఇంటింటికీ వెళ్ళి కుట్టుమిషన్లు బాగుచేస్తుంది కాబట్టి మిషను పిన్ని. ఆయన చేతికి ఎంత బలమో ఈమె వేళ్ళకు అంత నేర్పు. మిషనులో దారం బిగువు సరిచేసే చిన్న బిళ్ళ ఉంటుంది చూడండి, దాన్ని వెంట్రుకవాసి తిప్పి, ఒక గుడ్డముక్క కుట్టి చూసి, మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి తిప్పే మనిషి ఆమె. ఇద్దరికీ పెళ్ళి కుదిర్చిన వాళ్ళు ఏం చూసి కుదిర్చారో గాని, కాపురం మాత్రం చక్కగానే సాగుతోంది, మూతల దగ్గర తప్ప.

అలాంటి పిన్నికి ఒక కబురొచ్చింది. పక్క ఊళ్ళో కుట్టు నేర్పే బడి ఒకటుంది. హాలు నిండా మిషన్లు. వారానికోసారి వచ్చి అన్నిటినీ చూసి పోవాలి, కూర్చోవడానికి సొంతంగా గది, పనిముట్లకు సొంతంగా బల్ల ఇస్తామన్నారు. ఇన్నాళ్ళూ ఎవరిదో ముందుగదిలో, ఎవరి పిల్లలో తొక్కుతుంటే నేల మీద స్క్రూలు ఏరుకున్న మనిషికి, సొంత బల్ల అంటే సామాన్యమా? ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె మనసు నేల మీద లేదు. సోమవారంలోగా సరేనని చెప్పాలి.

బాబాయి వద్దనలేదు. వద్దనే మనిషి కాదు. బన్ను తుంచి టీలో ముంచుతూ, "మధ్యలో టైరు పోతే?" అన్నాడు.

పిన్ని చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది. ఎందుకంటే అంతకుముందు నెలలో నిజంగానే పోయింది. ఊరి బయట, ఎండలో. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, స్పానరు ఉంది. నట్టు మాత్రం కదల్లేదు. స్పానరు మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడింది, ఎగిరింది, దాన్ని తిట్టింది, బతిమాలింది. చివరికి ఆయనకే ఫోన్ చేసింది. ఆయన పొయ్యిలో ట్రే వదిలేసి వచ్చి, ఒక్క చేత్తో ఐదు నట్లూ విప్పి, "చూశావా, ఎంత గట్టిగా ఉన్నాయో, ఈ జన్మకి ఊడవు," అని మురిసిపోయాడు. ఆ రోజు బన్నులన్నీ మాడిపోయాయి.

"నువ్వొక్కదానివే టైరు మార్చుకోగలిగితే నాకే బెంగా లేదు," అన్నాడు ఇప్పుడు. "ఆదివారం నా కళ్ళెదురుగా మార్చి చూపించు. సోమవారం వాళ్ళకి సరేనని చెప్పెయ్."

షరతు న్యాయంగానే ఉంది. చిక్కేమిటంటే, ఆ నట్లు బిగించేది కూడా ఆయనే. దొంగ చేతికే తాళాలు.

పిన్ని మర్నాడే తిన్నగా ఆడపడుచు కొట్టుకు వెళ్ళింది. ఆడపడుచు అంటే బాబాయికి అక్క, కార్ల సామాను అమ్ముతుంది. కళ్ళజోడు ముక్కు మీద, నాలుక కత్తి మీద పెట్టుకుని కూర్చునే రకం.

"వదినా, నట్టు బిగువు కొలిచే టార్క్ రెంచి కావాలి," అంది పిన్ని.

"కారుకా, మా తమ్ముడి చెవి మెలిపెట్టడానికా?"

"ముందు కారుకి. చెవి సంగతి దాన్ని బట్టి చూద్దాం."

ఆడపడుచు మూడు రెంచీలు తెచ్చి గల్లాబల్ల మీద పరిచింది. "ఇది ముల్లు రకం. లాగుతుంటే ఈ ముల్లు అంకెల మీద జరుగుతుంది. చెడిపోవడానికి ఇందులో ఏమీ లేదు. కాకపోతే చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బలం పెడుతూ, మెడ వంచి ముల్లు వంక చూస్తూ ఉండాలి. నీ మెడ నీ ఇష్టం. ఇది డిజిటలు. అంకె చూపిస్తుంది, కూత పెడుతుంది, బ్యాటరీ అయిపోయిన రోజు మూగనోము పడుతుంది. ఇదేమో క్లిక్కు రకం. పిడి తిప్పి ఎంత కావాలో అంత దగ్గర పెట్టుకో. మెల్లగా లాగు. అంత బిగువు రాగానే చేతిలో టక్కుమంటుంది. చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది."

"అదే ఇవ్వు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది."

"పెద్దదెందుకే? మా తమ్ముణ్ణి చేసుకున్నావని అన్నీ పెద్దవే కావాలా? మీ కారు పుస్తకంలో నట్టుకి ఎంత బిగువు రాసుంది?"

"నూట పది."

"అయితే నలభై నుంచి రెండు వందల దాకా ఉన్నది తీసుకో. మనకు కావలసిన అంకె మధ్యలో పడాలి. మరీ అంచుకి పోయిన చోట ఏ కొలతనీ నమ్మకూడదు. ఆ నూట పదీ న్యూటన్ మీటర్లేనా? ఇదిగో, పిడి మీద రెండు వరుసలున్నాయి, రెండోది ఫుట్ పౌండ్లు. పొరపాటున ఆ వరుసలో నూట పది పెట్టావనుకో, మా తమ్ముడే నయం అనిపిస్తుంది."

పిన్ని తలూపుతూ రెంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. బిగువును అంకెల్లో పెట్టి తిప్పడం ఆమె రోజూ చేసే పనే. ఇది కుట్టుమిషను బిళ్ళకు పెద్దన్నలా ఉంది, అంతే.

"ఇంకో మాట," అంది ఆడపడుచు. "దీంతో నట్లు విప్పకు, విప్పడానికి మీ పాత స్పానరే. పనయ్యాక పిడిని తక్కువ అంకె దాకా తిప్పి పెట్టెలో పెట్టు, లేకపోతే లోపల స్ప్రింగు బిగుసుకునే ఉండి బుద్ధి మారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, టక్కుమందంటే ఆగిపోవాలి. ఆగకపోతే అదేం నిన్ను ఆపదు. లాగిన కొద్దీ ఇంకా బిగుస్తూనే ఉంటుంది. చెప్పడం వరకే దాని పని, వినడం మనది."

ఇంటి ముందు కారు దగ్గర అదే సాయంత్రం ప్రారంభోత్సవం. ఆడపడుచు స్పానరుకు పొడుగాటి ఇనపగొట్టం తొడిగి, తమ్ముణ్ణి నాలుగు తిట్టి, నట్లన్నీ వదులు చేసి పెట్టింది. పిన్ని నూట పది దగ్గర పిడి పెట్టి, ఒక నట్టు తరవాత దానికి ఎదురుగా ఉన్న నట్టు, అలా వరస తప్పించి లాగింది. టక్. టక్. బాబాయికి ఆ చప్పుడు తెగ నచ్చింది. "ఏదీ, నేనొకటి," అని చివరి నట్టుకు తనే పట్టాడు. టక్కుమంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే ఇంకో లాగు లాగాడు.

"అయిపోయిందండీ, టక్కుమంది కదా."

"అవును. తూకం సరిపోయింది. ఇది కొసరు."

పిన్ని నెత్తి కొట్టుకుంది. ఆడపడుచు నవ్వలేక కారు మీద వాలిపోయింది. నట్టుకు కొసరుండదని ఇద్దరూ కలిసి అరగంట బోధించారు. ఆయన బుద్ధిగా విని, అలాగేనని మాటిచ్చి, తను బిగించిన నట్టు తనే వదులు చేశాడు. పిన్ని దాన్ని మళ్ళీ కొలత ప్రకారం బిగించింది. తరవాత విప్పి చూసుకుంది. స్పానరు పెట్టి కాలితో ఒక్క తొక్కు తొక్కితే నట్టు కిర్రుమని కదిలింది. ఆ కిర్రు విని ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క ఊళ్ళో తన బల్ల అప్పుడే కనిపించినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఇంకోసారి సాధన చేద్దామని స్పానరు పెట్టింది. నట్టు కదల్లేదు. ఎక్కి నిలబడింది. ఊహూ. తుప్పేమోనని ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"రాత్రికి రాత్రి తుప్పు పట్టదమ్మా," అంది ఆడపడుచు. "రాత్రికి రాత్రి బుద్ధి పుట్టేది మా తమ్ముడికే."

అడిగితే బాబాయి ఆకాశం వంక చూసి, "రాత్రి చలికి ఇనుము ముడుచుకుని ఉంటుంది," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడంటారు. ఈయన భుజాల మీద ఎప్పుడూ పిండే ఉంటుంది, తడుముకున్నా ఏం రుజువవుతుంది? పిన్ని గొట్టం తొడిగి నట్లు వదులు చేసి, మళ్ళీ నూట పదికి బిగించి, పనిముట్ల సంచిలోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసింది. నట్టు మీద మొదలుపెట్టి చక్రం మీదికి వచ్చేలా ఒక్కోదానికి ఒక్కో గీత గీసింది. నట్టు తిరిగిందంటే గీత విరుగుతుంది.

మర్నాటికి ఐదు గీతలూ విరిగి ఉన్నాయి. రెంచి పిడి మీద తెల్లటి వేలిముద్రలు. అది సుద్ద కాదు, వాసన చూస్తే పిండి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే బేకరీకి వెళ్ళి నలుగురిలో కడిగేద్దామనుకుంది. కానీ కళ్ళతో చూడకుండా అడిగితే మళ్ళీ ఏ చలి మీదో నెట్టేస్తాడు. నట్లు మళ్ళీ సరిచేసి ఊరుకుంది.

ఆదివారం తెల్లవారుతుండగా ఆయన బేకరీకి బయలుదేరిన అలికిడి విని, వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది. అనుకున్నంతా అయింది. బాబాయి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెంచి లాగాడు, టక్కుమంది. తల ఊపి, పెదవులు బిగబట్టి, ఇంకొకటి లాగాడు. రెండో నట్టు, మూడో నట్టు. నాలుగో నట్టుకు కొసరు వేస్తుండగా ఫట్టుమంది. బోల్టు పుటుక్కున తెగి, నట్టుతో సహా రెంచి ఆయన చేతికి ఊడి వచ్చింది. ఆయన వెల్లకిలా పడి, తల తిప్పితే గుమ్మంలో భార్య.

తేలు కుట్టిన దొంగలా అలాగే పడుకుని ఉండిపోయాడు.

"లేవండి," అంది పిన్ని. లేచాడు. "ఎందుకండీ?"

"ఊడిపోతే?"

"ఎందుకూడుతుంది? టక్కుమంది కదా."

"టక్కుమంటే సరిపోయిందని అర్థం." ఆయన చేతిలోని తెగిన బోల్టు ముక్కను చూసుకుంటూ మాట్లాడాడు. "ముక్కూ మొహం తెలీని వాళ్ళకి కొసరు వేస్తాను. దారిన పోయేవాళ్ళకి వేస్తాను. నువ్వు నేను రాలేనంత దూరం వెళ్తుంటే, నీకు సరిపోయినంత ఇచ్చి ఊరుకోమంటావా? నా వల్ల కాలేదు."

పిన్ని మెట్టు మీద కూర్చుండిపోయింది. "నాకు కోపమూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. ముందు కోపం కానివ్వండి."

"కానివ్వు."

"పోయిన నెల నేను ఎండలో నిలబడింది టైరు పోయినందుకు కాదు. టైరు ఎవరికైనా పోతుంది. స్పానరు మీద ఎగిరినా నట్టు రానిది నాకొక్కదానికే. మీ కొసరు వల్లే నిలబడ్డాను. అది చూసి మీరేమో నేను ఒంటరిగా వెళ్ళలేనని తేల్చేశారు."

ఈ సంగతి బాబాయికి నిజంగా ఆ క్షణం దాకా తట్టలేదు. "ఆ రోజే అనలేదేం?"

"బన్నులు మాడ్చుకుని పరిగెత్తుకొచ్చిన మనిషిని పట్టుకుని ఎలా అంటానండీ?" అంది, అంతటితో కోపం అయిపోయి రెండోది మొదలైంది. ముక్కు తుడుచుకుని, "దారం తెగేదాకా బిగించేది ప్రేమ కాదు, దండగ. ఇక మీదట నా చక్రాలు ముట్టుకోకండి. ఒట్టు వెయ్యండి," అంది.

ఆయన ఒట్టు వేశాడు. వేసేటప్పుడు చెయ్యి చాలా మెల్లగా పెట్టాడు.

ఆదివారమైనా ఆడపడుచు కొట్టు తీసి కొత్త బోల్టు తెచ్చింది. పాతముక్కను సుత్తితో కొట్టి తీసి, కొత్తది బిగించి, "ముందే చెప్పా, తెగేదాకా లాగకూడదని సామెత ఊరికే పుట్టలేదు," అని తమ్ముడికి వడ్డించి, పరీక్షకు పెద్దమనిషిగా కుర్చీ వేసుకు కూర్చుంది. పరీక్షకు ముందే మిగతా నట్లు కూడా వదులు చేసి, అన్నీ పిన్ని చేతే కొలతకు బిగింపజేసింది. బాబాయి మెట్టు మీద, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు.

పిన్ని తొందరపడలేదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం కొంచెం వదులు చేసింది, తరవాత జాకీ ఎత్తింది. చక్రం తీసి స్టెప్నీ పెట్టింది. నట్లు ముందు వేళ్ళతో తిప్పి, కారు దించి, అప్పుడు రెంచి అందుకుంది. టక్. ఎదుటిది, టక్. ఐదోది టక్కుమన్నప్పుడు బాబాయి భుజాలు వాటంతటవే పైకి లేచాయి. ఆయన మాత్రం లేవలేదు.

"నెగ్గావు," అన్నాడు. అని, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

స్టెప్నీ తీసి పాత చక్రాన్ని మళ్ళీ బిగించి, నట్ల మీద కొత్తగా సుద్దగీతలు గీసుకోవడం కూడా ఆమే చేసుకుంది. సోమవారం బడికి ఫోన్ చేసి సరేనంది. బడికి వెళ్ళే రోజు పొద్దున బయలుదేరే ముందు సుద్దగీతలు చూసింది. ఐదూ చెక్కుచెదరలేదు. మాట నిలబెట్టుకున్నాడు. సంతోషించాలి కదా. సంతోషించింది కూడా, కానీ ఎక్కడో ఒక చిన్న వెలితి. ఆయన బేకరీకి వెళ్తూ "వెళ్ళొస్తా" అన్నాడే గాని కారు వైపు కన్నెత్తి చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఏదీ వదులుగా ఉండకుండా చూసిన మనిషి. నేనే ఆయన చేతిలో పని లాగేసుకున్నానా అని దారి పొడుగునా ఆమెకు బెంగగా ఉంది.

సగం దారిలో పెట్రోలు బంకు పక్కన కారు ఆపింది. చక్రం విప్పి బిగించాక కొంత దూరం పోయి, నట్లు ఒకసారి మళ్ళీ చూసుకోవాలని ఆడపడుచు చెప్పింది. రెంచి తీసి, నూట పది దగ్గర పెట్టి, ఎందుకో ఆగి, ఫోన్ తీసింది.

బేకరీలో ట్రేల చప్పుడు, బేరాల గోల. "ఏమైంది?" అన్నాడాయన, గొంతులో కంగారు.

"ఏం కాలేదు. నట్లు చూసుకుంటున్నాను. వింటారా?"

ఆయన ఎవరితోనో, "ఒక్క నిమిషం, దయచేసి ఎవరూ మాట్లాడకండి, మా ఆవిడ నట్లు చూసుకుంటోంది," అనడం వినపడింది. బేకరీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. బన్నుల కోసం వచ్చిన వాళ్ళంతా పొట్లాలు పట్టుకుని ఆ ఫోను వంక చూస్తూ ఉండి ఉంటారు.

పిన్ని ఫోన్ చక్రం పక్కన పెట్టి లాగింది. టక్. టక్. టక్. టక్. టక్. ఏ నట్టూ వెంట్రుకవాసి కూడా కదల్లేదు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఐదోది అయ్యాక కూడా ఆమె రెంచి మీది నుంచి చెయ్యి తీయలేదు. ఇంకొంచెం అంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూసింది. ఆ ఒక్కసారికీ అంటే, నిజం చెప్పాలంటే, ఇంకొక్కటి లాగేదేమో కూడా.

అటు నుంచి ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"ఐదూ విన్నాను," అన్నాడు. "సరిపోయింది. ఆలస్యమవుతోంది. వెళ్ళు."